ఒత్తు దగ్గర ఆగిపోతున్న చదువు: నా అనుభవం

"ఈ బాబుకి చదవడం రాదు" అని క్లాస్ టీచర్ రాసి పంపిన చీటీతో నా పని మొదలవదు. ఎంతవరకు వచ్చు, సరిగ్గా ఎక్కడ ఆగుతున్నాడు అన్నది ముందు తేలాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే మా భవిత కేంద్రంలో అందుకు రెండు రోజులు తీసుకుంటాను, రోజుకు అరగంట. అన్నీ ఒకే పూట చదివిస్తే చివర్లో వచ్చే తప్పులు రాకనో, అలిసిపోయో చెప్పలేం.

కంటి, చెవి పరీక్షల కాగితాలు ముందే చూస్తాను. ఒత్తు అసలు అక్షరం కంటే చిన్నది కాబట్టి చూపు తక్కువున్న పిల్లలకు మొదట కనపడకుండా పోయేది అదే. వాళ్లకు 24 పాయింట్ల అచ్చు ఇస్తాను.

మొదటి రోజు జాబితాలు: వరస మార్చిన అక్షరాలు 20, గుణింతాలు 20, ఒత్తు పదాలు 20, 'గబిలు', 'మోటుక' లాంటి అర్థం లేని పదాలు 10. ఈ చివరివి మానకూడదు. తెలిసిన మాటను ఆకారం చూసి ఊహించే పిల్లలు ఇక్కడే బయటపడతారు. అక్షరాల్లో మ-య, ప-వ-ష తప్పక ఉండాలి. పిల్లవాడు ఏమని పలికాడో అదే నా కాపీ మీద రాసుకుంటాను. ఉత్త ఇంటూ పెడితే తర్వాత దాన్నుంచి ఏమీ తెలియదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) వల్ల మాట స్పష్టంగా రాని పిల్లల్ని పైకి చదవమనను. నాలుగు కార్డులు పరిచి "స్త ఏది?" అంటాను, చూపిస్తే చాలు. వాళ్లకు టైము పెట్టను.

రెండో రోజు ఒక నిమిషం పేరా చదివిస్తాను. పాఠ్యపుస్తకంలోది పనికిరాదు, చాలామంది పాఠం కంఠతా పట్టి వేలు జరుపుతూ పోతారు. అదే స్థాయి పేరా ఇంకొకటి నేను చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు అడుగుతాను. విన్నది అర్థమై, చదివింది అర్థం కాకపోతే చిక్కు లిపితో. రెండూ అర్థం కాకపోతే భాషతో. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే పిల్లలైతే దాన్ని వైకల్యం కింద రాయడం అన్యాయం, ముందు బొమ్మలతో మాటలు నేర్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రం కావాలంటే మెడికల్ బోర్డుకే వెళ్లాలి. నా జాబితాలు బోధన కోసమే.

ఎక్కువ తప్పులు గుణింతం, ఒత్తు కలిసిన చోట వస్తాయి. 'వస్తే'ని 'వసేత' అంటారు. ఏత్వం కూర్చున్నది పైనున్న స మీద, పలకాల్సింది కిందున్న త తర్వాత. కంటికి కనపడిన వరసలోనే నోరు పలికింది, అంతే. అందుకే కార్డు మీద పై హల్లు నీలం, ఒత్తు ఎరుపు, ఏత్వం ఆకుపచ్చ. వేలు పైనుంచి కిందికి దిగి మళ్లీ గుర్తు మీదికి ఎక్కుతుంది: స్, త్, ఏ, స్తే. త, న, మ, య, ర, ల ఒత్తులు తమ అక్షరాన్ని పోలవు కాబట్టి వాటిని విడిగా, అక్షరాన్ని దాని ఒత్తుతో జతచేసే కార్డులతో నేర్పుతాను.

రోజుకు 20 నిమిషాలు, వారానికి కొత్త ఒత్తులు ఆరు, వాటితో పాతవి కలిపి. ఒత్తుల్ని పదేసిసార్లు రాయించను, పలకకుండా బొమ్మలా దించేస్తారు. శుక్రవారం కొత్త పదాల జాబితా ఒక నిమిషం చదివించి, గ్రాఫ్ కాగితం మీద చుక్క పెడతాను. మూడు వారాలు చుక్క పైకి లేవకపోతే ఆరుని మూడు చేసి, రంగుల కార్డు దగ్గరికి మళ్లీ వెళ్తాను.