మేబ్రిక్ కేసు: ఉరి ఒకందుకు, జైలు ఇంకొకందుకు

భర్తకు విషం పెట్టి చంపిందని ఫ్లోరెన్స్ మేబ్రిక్‌కు ఉరిశిక్ష పడిన కేసు తిరగేస్తూ ఇవాళ అప్పటి బ్రిటిష్ హోం సెక్రటరీ మాథ్యూస్ నిర్ణయం దగ్గర ఆగిపోయాను. చంపాలనే విషం పెట్టిందట, కానీ మొగుడు పోయింది దానివల్లేనా అన్నది అనుమానమట! అందుకని ఉరి రద్దు చేసి యావజ్జీవం వేశారు. హత్యాయత్నం కింద ఆమెను ఎవరూ విచారించనే లేదు కదా?

లివర్‌పూల్, 1889. ఫ్లోరెన్స్ ఈగల్ని చంపే కాగితాలు నీళ్లలో నానబెట్టింది, వాటిలోని ఆర్సెనిక్ అనే విషం నీళ్లలోకి దిగింది. మొహానికి పూసుకోవడానికే అంది. మొగుడు జేమ్స్‌కేమో ఆర్సెనిక్ మందుగా తినే అలవాటు. శవంలో దొరికింది ప్రాణం తీసేంత మోతాదు కాదు.

ఇంగ్లండ్‌లో హత్య కేసులో నిందితులు తమ తరఫున ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే హక్కు 1898లో గానీ రాలేదు. శిక్ష మీద పై కోర్టుకు వెళ్లే వీలిచ్చిన క్రిమినల్ అప్పీల్ చట్టం 1907లో. ఆమె 1904లోనే విడుదలైంది.

ఈ కేసు విన్న జడ్జి ఎవరనుకున్నారు? మన 1872 సాక్ష్య చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెనే.