మూడో సెన్సర్

గల్ఫ్‌లో గ్యారేజీ పనికి వచ్చిన తొలి నెలల్లో నాకు చేతులతోనే తప్ప నోటితో పని ఉండేది కాదు. ఫోర్‌మన్‌ది ఒక భాష, నాది ఇంకొకటి. ఇద్దరికీ అరకొరగా వచ్చిన హిందీతో బండి నెట్టుకొచ్చేవాళ్లం. ‘ఇది మార్చు’ అంటే మార్చేవాణ్ని. ఎందుకని అడిగేంత భాష నా దగ్గర లేదు.

ఒక కారు మూడోసారి తిరిగొచ్చింది. పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది, అరగంట తిరిగాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. కారు కంప్యూటర్ పట్టిన లోపాన్ని కోడ్‌గా చూపే స్కానర్‌లో ఎప్పుడూ ఒకటే: పీ0335, క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్. క్రాంక్ షాఫ్ట్ అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, అది ఎక్కడుందో చెప్పేది ఈ సెన్సర్. అప్పటికే రెండు కొత్త సెన్సర్లు వేశాం. వేడికి ఆగి, చల్లారితే నడిచే బండిలో సెన్సర్‌నే అనుమానించడం తప్పు కాదు, చాలాసార్లు దోషి అదే. కానీ రెండు కొత్తవీ ఒకే తీరుగా పాడవుతాయా? ఫోర్‌మన్ మాత్రం మూడోది తెప్పించాడు.

కోడ్ చివర ఉన్న ‘సర్క్యూట్’ అన్న మాటను మేమెవరమూ పట్టించుకోలేదు. సర్క్యూట్ అంటే కరెంటు తిరిగే దారి మొత్తం, సెన్సర్ ఆ దారికి ఒక కొస మాత్రమే. కరెంటు, ఎర్త్, సిగ్నల్ వైరు, పిన్నులు, అవతల కంప్యూటర్, అన్నీ అందులోవే.

చాలా ఇంజిన్లలో క్రాంక్ షాఫ్టుతో తిరిగే చక్రానికి 60 పళ్ల చోటులో 58 పళ్లే ఉంటాయి. కావాలనే వదిలిన ఆ రెండు పళ్ల సందు సెన్సర్ ముందు నుంచి దాటినప్పుడల్లా కంప్యూటర్‌కు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఆ లెక్క అందకపోతే స్పార్క్ ఎప్పుడివ్వాలో తెలియదు, ఇంజిన్ ఆగిపోతుంది.

ఆ రోజు బండి వేడి మీద ఆగిపోగానే, చల్లారనివ్వకుండా స్టార్టర్ తిప్పి స్కానర్‌లో ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, చూశాను. సున్నా. ఇంజిన్ కళ్లముందే తిరుగుతోంది, ఆ సంగతి కంప్యూటర్‌కు చేరడం లేదు. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్‌లో ఉంచి మీటర్ పెట్టాను. అది అయస్కాంత క్షేత్రంలో మార్పును పసిగట్టే మూడు వైర్ల హాల్ రకం. రెండు వైర్ల తీగచుట్ట రకమైతే ఓమ్స్ (చుట్ట నిరోధం) చూడవచ్చు కానీ దీనికి చూస్తే తేలేదేమీ ఉండదు. సప్లయ్‌లో 5 వోల్టులు వచ్చాయి, ఎర్త్ బాగుంది. ఈ బండిలో సిగ్నల్ వైరుకూ కంప్యూటర్ నుంచి 5 రావాలి. దాన్ని పైకీ కిందికీ ఆడించడమే సెన్సర్ చేసే పని. అక్కడ సున్నా చూపించింది. సెన్సర్ ఊడి పక్కనే ఉంది కాబట్టి, ఆ సున్నాకు దాని బాధ్యత ఏమీ లేదు.

ఒక కన్ను మీటర్ మీద పెట్టి, రెండో చేత్తో వైర్ల కట్టను జానెడు జానెడు తడుముతూ కదిపాను. ఇంజిన్ వెనక బ్రాకెట్ మీదుగా వంగే చోట పక్కకు నొక్కగానే అంకె 5కి ఎగిరింది, వదిలితే సున్నాకు పడింది. టేపు విప్పితే ఇన్సులేషన్ ఒరిసి ఒరిసి గోరంత మేర రాగి మెరుస్తోంది. వేడికి కట్ట మెత్తబడి కిందికి జారుతుంది, రాగి ఇనుముకు తగులుతుంది, సిగ్నల్ అక్కడే ఎర్త్‌లో కలిసిపోతుంది.

ఇదంతా హిందీలో ఎలా చెప్పాలి? ‘భాయ్, ఒక్కసారి రండి’ అన్నాను, అంతవరకే వచ్చు. ఫోర్‌మన్ చెయ్యి పట్టుకుని ఆ చోటు మీద పెట్టి, మీటర్ వైపు చూపించాను. నొక్కాడు, 5. వదిలాడు, సున్నా. మళ్లీ నొక్కాడు. నాలుగోసారి నొక్కుతున్నప్పుడు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

వైరు అతికి, స్లీవ్ తొడిగి, కట్టను బ్రాకెట్‌కు దూరంగా మళ్లించి క్లిప్పు వేశాను. నేను చేతులు తుడుచుకునేలోగా ఫోర్‌మన్ మూడో సెన్సర్ డబ్బాను విప్పకుండానే తీసుకెళ్లి అలమరలో పెట్టేశాడు.