మిలిటరీ జిరాక్స్

తాడేపల్లిగూడెం దగ్గర మా ఊళ్లో నాకో చిన్న షాపు ఉంది. బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు అని రాయించాను కానీ అందరూ ‘మిలిటరీ జిరాక్స్’ అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు తెచ్చుకున్న ఊరు మాకు పక్కనే. మా వైపు వీధికి ఇద్దరు ముగ్గురు ఆర్మీ వాళ్లు తప్పకుండా దొరుకుతారు. పింఛను కాగితం ఎక్కడో తిరగబడ్డ ప్రతివాడూ ఏదో ఒకరోజు నా షాపు మెట్లెక్కుతాడు. మెట్లు రెండే. పక్కన పైపు రెయిలింగ్ పెట్టించింది మాత్రం నాకోసమే.

నాకు ఎడమకాలు మోకాలి కిందనుంచి లేదు. పార్లమెంటు మీద దాడి జరిగాక 2001 డిసెంబర్‌లో ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యాన్నంతా సరిహద్దుకు తోలారు. నేను మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్‌ని. మమ్మల్ని మిగతా ఆర్మీ అంతా ‘తంబీ’ అనే పిలుస్తుంది, తెలుగువాడివైనా సరే నువ్వు తంబీవే. మైన్లు పాతడం, తీయడం మా పని. 2002 అక్టోబర్‌లో వెనక్కి మళ్లమన్నాక, పాతినవాటిని తీసే పని మా మీద పడింది. రాజస్థాన్ ఇసుక ఒకచోట నిలవదు. రికార్డులో రాసుకున్న చోటు నుంచి మైను జరిగిపోతుంది, లేకపోతే దాని మీద ఇసుక మేట వేసేస్తుంది. మనుషుల కోసం పెట్టే మైను అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, అంతే. లోహం తక్కువ కాబట్టి డిటెక్టర్ సరిగ్గా కూయదు. మనిషిని చంపడం దాని ఉద్దేశం కూడా కాదు. పాదం తీసేస్తే చాలు, వాణ్ణి మోయడానికి ఇంకో ఇద్దరు పని ఆపేస్తారని లెక్క. లెక్క ప్రకారమే జరిగింది. నన్ను మోసినవాళ్లలో ఒకడు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసి, “ఏరా, బరువేమైనా తగ్గావా?” అంటాడు.

ఆస్పత్రి రోజుల గురించి రాయడానికేం లేదు. తర్వాత పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కి పంపారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1944లో పెట్టిన సంస్థ అది. అక్కడికి చేరేదాకా నా అంత దురదృష్టవంతుడు లేడనుకున్నాను. తీరా వార్డులో చూస్తే రెండు కాళ్లూ ఉన్నవాళ్లు సిస్టర్లు, వార్డ్ బాయ్‌లు మాత్రమే. నాకు సాక్సు తొడుక్కోవడం నేర్పింది రెండు కాళ్లూ లేని ఒక పంజాబీ నాయక్.

సాక్సే కదా అనుకోకండి. మిగిలిన కాలుని స్టంప్ అంటాం. అది పొద్దున ఒక సైజు, సాయంత్రానికి ఇంకో సైజు. నడిచేకొద్దీ కాస్త చిక్కిపోతుంది. సాకెట్ వదులై, ఎముక కొస అడుగున కొట్టుకుంటుంది. అప్పుడు పైన ఇంకో సాక్సు వేసుకోవాలి, పల్చటిదో మందపాటిదో ఎవరి కాలిని బట్టి వాళ్లే తేల్చుకోవాలి. ఒక్క ముడత పడినా రాత్రికి పుండు. అందుకే పడుకునే ముందు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, చేతి అద్దం కింద పెట్టి అడుగుభాగం చూసుకోవాలి. అక్కడ చర్మం మొద్దుబారి ఉంటుంది, రాపిడి మనకి తెలియదు. గోదావరి జిల్లాల్లో మే నెల చెమటకైతే మధ్యమధ్యలో కాలు విప్పి సాకెట్ లోపల తుడుచుకోక తప్పదు. బస్సులో విప్పితే పక్క సీటు ఖాళీ అయిపోతుంది, అదో లాభం.

పుణె కాలు మంచిదే కానీ పొలం బురదలోకి దింపే వస్తువు కాదు. దానికి జైపూర్ కాలు. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి తయారుచేసిన రబ్బరు పాదం. దాంతో గొంతుక్కూర్చోవచ్చు, చెప్పుల్లేకుండా నడవొచ్చు, నీళ్లలో దిగొచ్చు. కింద కూర్చుని అన్నం తినే జనాన్ని దగ్గర్నుంచి చూసి చేశారని తెలిసిపోతుంది. పెళ్లిళ్లకీ కలెక్టరాఫీసుకీ ఒక కాలు, ఊడ్పులకి ఒక కాలు. వాడనిదాన్ని మా ఆవిడ తలుపు వెనక నిలబెడుతుంది. కొత్త చుట్టాలు తలుపేసుకోబోయి ఓ కేక పెడతారు.

కాలు పోయినా ఆర్మీ నన్ను ఇంటికి పంపలేదు. ‘లో మెడికల్ కేటగిరీ’ అని, అంటే తేలిక పనులకే పనికొచ్చేవాళ్ల జాబితాలో ఉంచి ఆఫీసులో వేశారు. హవల్దార్‌గా రిటైరయ్యేదాకా ఫైళ్ల మధ్యే ఉన్నాను. సర్వీసు, కుటుంబ వివరాల్లో మార్పుల్ని రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డర్ ఎలా పడుతుంది, మెడికల్ బోర్డు కాగితంలో ఏ గడిలో ఏం రాస్తే పింఛను ఎంత మారుతుంది, అన్నీ అక్కడే ఒంటబట్టాయి. ఇంటికొచ్చి చూస్తే ఇవేవీ మావాళ్లెవరికీ తెలియవు. ఆగస్టు 15న బడికి పిలిచి శాలువా కప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ శాలువాలు ఎంత పల్చగా ఉంటాయంటే చలికి కూడా పనికిరావు. కాగితం చదివిపెట్టే మనిషి మాత్రం దొరకడు.

సగం గొడవలు పేర్ల దగ్గరే. మనకి ఇంటిపేరు ముందు. రికార్డు ఆఫీసులో ఉత్తరాది క్లర్కు దాన్ని చివరికి నెట్టేస్తాడు, లేదా పొడి అక్షరం చేసేస్తాడు. ఆధార్‌లో ఒకటి, పింఛను మంజూరు పత్రం పీపీవోలో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి. భార్యల పేర్ల సంగతి మరీనూ. పెళ్లప్పుడు ఇంట్లో పిలిచే పేరు రికార్డుకెక్కుతుంది, ఆధార్‌లో అసలు పేరుంటుంది. మొగుడు ఉన్నంతకాలం ఎవరికీ పట్టదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం వచ్చి, “నేనే ఆయన భార్యనని ఎలా నమ్మించాలి బాబూ?” అని ఆవిడ ఏడుస్తుంది. అందుకే ఏ పనిమీద వచ్చినా సరే, మీ ఆవిడ పేరు పీపీవోలో ఉందా, ఆధార్‌తో కలుస్తోందా అనే ముందు అడుగుతాను. “నేనింకా బతికే ఉన్నాను కదరా!” అని ఒక బాబాయ్ కోప్పడ్డాడు. బతికుండగానే చెయ్యాలి బాబాయ్, తర్వాత నువ్వు సంతకం పెట్టలేవు కదా అన్నాను.

పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక పెద్దవాళ్లకి టెన్షన్ ఎక్కువైంది. ఏటా బతికున్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి. మట్టిపని చేసిన వేళ్లకి గీతలు మిగలవు, మెషీన్ ఒప్పుకోదు. 2021 నుంచి ముఖం చూపించి ఇచ్చే వీలొచ్చింది, బతికిపోయాం. ఫోను పట్టుకుని “ఒక్కసారి కళ్లు ఆర్పండి” అంటే చాలు. కొందరు అటెన్షన్‌లో నిలబడి కళ్లార్పరు, అదే చిక్కు.

ఇక దెబ్బ తిన్నవాళ్ల కథ. సరిహద్దులో మైన్లు పాతేటప్పుడో తీసేటప్పుడో పేలినా యుద్ధ గాయంగానే చూడాలని రక్షణ శాఖ 2001 జనవరి 31 ఉత్తర్వులో ఉంది. నాకు పేచీ రాలేదు. పైకి కనిపించని దెబ్బలకే పేచీలన్నీ. మా వెనక వీధిలో ఒక ఆర్టిలరీ సుబేదార్ గారున్నారు. సర్వీసంతా పెద్ద గన్నుల పక్కనే. రెండు చెవులూ సరిగ్గా వినపడవు. రిటైరయ్యే ముందు చేసే మెడికల్ పరీక్ష, అదే రిలీజ్ బోర్డులో 20 శాతం వైకల్యం అని రాసి, సర్వీసుకి సంబంధం లేదని తేల్చారు, అంటే వైకల్య పింఛను లేదన్నమాట. గన్నుల దగ్గర కాకపోతే ఆయన చెవులు ఎక్కడ పోయాయి, మా రామాలయం గంట దగ్గరా?

చేరినప్పుడు జబ్బున్నట్టు రాయకపోతే అది సర్వీసులో వచ్చిందనే భావించాలి, కాదని చూపించాల్సింది ప్రభుత్వమే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో, పూర్తి సర్వీసు చేసి దిగినవాళ్లకి కూడా వైకల్య శాతాన్ని పైకి సవరించాలంది. అంటే 20 ఉన్నా 50గా లెక్కగట్టాలి. తిరస్కరణ లెటరొస్తే ఆరు నెలల్లో మొదటి అప్పీలు వెయ్యాలి, తర్వాత రెండోది, అదీ పోతే సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్. మనకి చెన్నై బెంచ్. 2023లో రూల్స్ మారాయి, కొత్తగా దిగేవాళ్ల లెక్క వేరు. ఈ పాత తీర్పులే చూపించి, గ్యారంటీగా వచ్చేస్తుందని వేలకు వేలు గుంజే బ్రోకర్లున్నారు, వాళ్ల జోలికి పోకండి. సుబేదార్ గారి కేసు రెండో అప్పీలులో ఉంది. నేను గొంతు చించుకుని వివరిస్తుంటే, “మెల్లగా చెప్పవయ్యా, వీధంతా వింటోంది” అంటారు.

కాగితాలతో తీరనివీ ఉంటాయి. పక్క మండలం నుంచి ఒకావిడ వచ్చి, కొడుకు గదిలోంచి బయటికి రావట్లేదని చెప్పింది. కశ్మీర్‌లో మైను. నా కాలే, అదే ఎడమది. సర్వీసుకి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చడంతో బోర్డవుట్ అయి ఇంటికొచ్చాడు. పలకరించడానికి వచ్చేవాళ్లు ముందు అడిగేది మిలిటరీ మందు ఉందా అని. మాజీ సైనికుడంటే క్యాంటీన్ బాటిలే అనుకునే జనం మనవాళ్లు. ఎవరూ రానప్పుడు ఆ బాటిల్ వాడే తాగుతున్నాడు.

వెళ్లి ఏమీ మాట్లాడకుండా నా కాలు విప్పి వాడి ముందు పెట్టాను. కాసేపు చూసి, “అన్నా, లేని బొటనవేలు మండుతోంది. నాకు పిచ్చెక్కుతోందా?” అన్నాడు. నాకైతే ఇప్పటికీ ముసురు పట్టిన రాత్రి లేని మడమ దురద పెడుతుంది. మర్నాడు సెలూన్ నుంచి పొడుగు అద్దం అడిగి తీసుకెళ్లాను. చెన్నైలో చదివిన వి.ఎస్. రామచంద్రన్ అనే డాక్టరు 1990ల్లో చెప్పిన ఉపాయం అది. రెండు కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలు ప్రతిబింబం అందులో చూస్తూ వేళ్లు కదపాలి. లేని కాలు కదులుతున్నట్టు మెదడు నమ్ముతుంది. అందరికీ పనిచెయ్యదు, నాకు చెయ్యలేదు. వాడికి మంట కొంత తగ్గింది.

వాట్సాప్‌లో అందరూ వాడికి హొకాటో సేమా వీడియో పంపుతున్నారు. 2002లో చౌకీబల్ దగ్గర మైను మీద కాలు పోగొట్టుకున్న నాగాలాండ్ జవాను, 2024 పారిస్ పారాలింపిక్స్ షాట్‌పుట్‌లో కాంస్యం తెచ్చాడు. నాకు భలే సంతోషమేసింది, ఆ వీడియో నేనూ చాలాసార్లు చూశాను. కానీ కాలు పోయిన ప్రతివాడూ పతకం తేవాలా? నిద్రపట్టని కుర్రాడికి అది ఇంకో బరువు. వాణ్ణి షాపుకి రమ్మన్నాను, అంతే. మొదట్లో గల్లా దగ్గర కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. ఇప్పుడు స్పర్శ్ లాగిన్లన్నీ వాడే చూస్తున్నాడు, నాకంటే ఫాస్టు. మందు పూర్తిగా మానలేదు. వాళ్లమ్మకీ నాకూ ఆ సంగతి తెలుసు.

వచ్చేవాళ్లు ఆదివారం పొద్దున రండి, మిగతా రోజుల్లో స్కూలు పిల్లల రద్దీ. డిశ్చార్జి బుక్, పీపీవో, మెడికల్ బోర్డు కాగితాలు ఒరిజినల్స్ తెచ్చుకోండి, ఇద్దరి ఆధార్‌లూ మర్చిపోకండి. అప్పీలు రాసినందుకు డబ్బులు తీసుకోను. జిరాక్స్‌కి మాత్రం పేజీకి రెండు రూపాయలు.