బల్ల దగ్గరే పుట్టిన వివాదం

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల వారంలో లూకా సువార్త 22వ అధ్యాయం ఏటా చదువుతాం. ప్రభువు శిష్యులతో చేసిన కడరాత్రి భోజనం, ఆ రొట్టె, గిన్నె అయ్యాక నేరుగా ఒలీవల కొండకు వెళ్ళిపోతాం. మధ్యలో ఉన్న 24వ వచనం దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. "తమలో ఎవడు గొప్పవాడుగా ఎంచబడునో అను వివాదము వారిలో పుట్టగా" అని ఉంది అక్కడ. ఎప్పుడు పుట్టింది ఆ వివాదం? "ఇది మీకొరకు ఇయ్యబడుచున్న నా శరీరము" అని ప్రభువు రొట్టె విరిచి చేతికిచ్చాక! మత్తయి, మార్కు ఇలాంటి గొడవను యెరూషలేముకు వెళ్ళే దారిలో చెప్పారు. లూకా మాత్రం దాన్ని తెచ్చి ప్రభు బల్ల పక్కనే పెట్టాడు. దాచలేదు.

సంఘాన్ని చూసి విసిగిపోయినవాళ్ళు ఈ వచనాన్ని మళ్ళీ మళ్ళీ చదవాలి. నేను చదువుతున్నాను, ఎందుకంటే నాకూ విసుగొచ్చింది. కమిటీ ఎన్నికలు వస్తే ఆరాధనకు రాని మొహాలన్నీ వస్తాయి. మిషన్ స్థలాల మీద కోర్టు కేసులు తరాలు దాటి నడుస్తుంటాయి. "ఇందులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు" అని పుల్పిట్ మీద గట్టిగా చెప్పిన పెద్దాయనే, కొడుక్కి సంబంధం చూసేటప్పుడు మొదట కులం అడుగుతాడు. గుడ్ ఫ్రైడే ఫ్లెక్సీ మీద సిలువ మూలకు పోయి, ప్రసంగీకుల ఫొటోలు నిండుగా కనిపిస్తాయి.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒక్కటి మాత్రం ఓర్చుకోలేకపోయాను. మాకు తెలిసిన ఒక సంఘంలో కూలి చేసుకునే తల్లి చనిపోయింది. చందా బాకీ ఉందని సమాధి తోటలో చోటు దగ్గర పేచీ పెట్టారు. కొడుకు డబ్బు తెచ్చేదాకా శవం ఇంటి ముందే ఉంది. ఆ తర్వాత చాలా ఆదివారాలు నేను గుడి గుమ్మం తొక్కలేదు. బైబిలు తెరిచినా ఆ పిల్లవాడి మొహమే కనిపించేది.

అసలు మన సంఘాలు ఎవరితో మొదలయ్యాయో మరిచిపోయామా? ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్యగారు, ఒక మాదిగ విశ్వాసి, తనవాళ్ళను ప్రభువు దగ్గరకు నడిపించారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్ళు అన్నప్పుడు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందని మన పెద్దలు చెప్పేవారు. అది మొదటి కొరింథీ మొదటి అధ్యాయం: "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." తరువాత ధాత కరువు, అంటే 1876–78 నాటి పెద్ద కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ దొర వేలమందికి పని ఇప్పించారు. కూలి కోసం చేరారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. అప్పటిదాకా ఆగినవాళ్ళే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులోంచి ఖాళీ చేతులతో నడిచివచ్చినవాళ్ళు వాళ్ళు. మనలో ఎంతమందిమి వాళ్ళ మనవళ్ళం, మునిమనవళ్ళం! అలాంటి మనం శవం దగ్గర చందా పుస్తకం తెరవడమేమిటి?

నా కోపం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ కోపంలో ఉన్నప్పుడే మళ్ళీ ఆ బల్ల దగ్గరకు వచ్చాను. ఈసారి శిష్యులను వదిలేసి ప్రభువునే చూశాను. ఎవరు గొప్ప అని వాళ్ళు కొట్లాడుతుంటే ఆయన లేచి వెళ్ళిపోలేదు. "నన్ను అప్పగించువాని చెయ్యి నాతోకూడ ఈ బల్లమీద ఉన్నది" అని తెలిసి కూడా వెళ్ళిపోలేదు. పైగా ఆ భోజనానికి ముందే ఏమన్నాడు? "మీతోకూడ ఈ పస్కాను భుజింపవలెనని మిక్కిలి ఆశపడితిని." వాళ్ళెవరో, కాసేపట్లో ఏం చేస్తారో ఎరిగి కూడా వాళ్ళతోనే తినాలని ఆశపడ్డాడు.

వివాదం పుట్టాక వాళ్ళను సరిదిద్దాడు, "నేను మీ మధ్య పరిచర్య చేయువానివలె ఉన్నాను" అన్నాడు. ఆ వెంటనే 28వ వచనం. ఇక్కడికి వచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది. "నా శోధనలలో నాతోకూడ నిలిచియున్నవారు మీరే." ఎవరితో అంటున్నాడయ్యా ఈ మాట? ఇప్పుడే కుర్చీల కోసం కొట్లాడినవాళ్ళతో. ఆ రాత్రే తనను విడిచి పారిపోబోయేవాళ్ళతో. వాళ్ళు నిలబడిన కొంచెమే ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. నేను మా సంఘపెద్దల మీద రాసుకున్న లెక్కలో ఆ కొంచెం లేదు. కరోనా రోజుల్లో బియ్యం మూటలు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగినవాళ్ళలో, చందా కోసం పేచీ పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. రెండూ నిజమే.

తరువాత పేతురుతో అన్న మాట మనకు కంఠతా వచ్చు. సాతాను గోధుమలవలె జల్లించడానికి మిమ్మల్ని కోరుకున్నాడు, "గాని నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." నా విశ్వాసం నిలిచింది నా పట్టుదల వల్ల కాదు, పాస్టరుగారి మంచితనం వల్ల అసలే కాదు. ఆయన వేడుకున్నాడు కాబట్టి నిలిచింది. గుడికి వెళ్ళని ఆదివారాల్లో కూడా ఆయన వేడుకుంటూనే ఉన్నాడు. ఆ వచనం అక్కడితో ఆగదు: "నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము." ఏ సహోదరులను? తనతో గొప్పతనం కోసం వాదులాడిన ఆ సహోదరులనే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బోధకుడి ముసుగులో స్త్రీలను, పిల్లలను పాడుచేసేవాణ్ణి ఓర్చుకొమ్మని ఈ వాక్యం చెప్పదు. అలాంటిచోట పోలీసులకు చెప్పండి, ఆ సంఘం వదిలి ఇంకో సంఘానికి వెళ్ళండి. అక్కడ మౌనంగా ఉండడం భక్తి కాదు.

మిగతా మనమందరం మాత్రం తిరిగి వద్దాం. ఫోన్లో ప్రసంగం వినడం మంచిదే, కానీ ఫోను మీ చేతికి రొట్టె అందించదు. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల సంస్కారానికి రండి. మీకు పడనివాడు అదే వరుసలో ఉంటే ఉండనివ్వండి. సంఘపెద్దలారా, పెద్దవాడు బల్ల దగ్గర వడ్డించేవాడిలా ఉండాలన్నాడు ప్రభువు, ఆ మాట పట్టుకోండి. జనరల్ బాడీ మీటింగ్ పెట్టినప్పుడు, చనిపోయినవాళ్ళ చందా బాకీ అడగకుండా సమాధి తోటలో చోటివ్వాలని తీర్మానం రాయించండి. మా సంఘంలో నేను లేచి అడుగుతున్నాను, మీ సంఘంలో మీరు అడగండి.