టార్చ్‌లో ఎల్‌ఈడీ మార్చుకున్న నా అనుభవం

నా టార్చ్ పాడవలేదు. ఒక 18650 రకం లిథియం సెల్‌తో నడిచే గొట్టం టార్చ్ అది, వెనక స్విచ్, మూడు మోడ్‌లు. ఎల్‌ఈడీకి వెళ్లే కరెంటును అదుపు చేసే సర్క్యూట్‌ని డ్రైవర్ అంటారు, దాని మీద కరెంటుకు హద్దు పెట్టే 7135 చిప్‌లు ఎనిమిది, ఒక్కోటి 350 మిల్లీ ఆంపియర్లు, మొత్తం ఫుల్‌లో 2.8 ఆంపియర్లు. వెలుగుకి లోటే లేదు. కానీ ఆ వెలుగులో ఏది చూసినా కళ తప్పినట్టుండేది. 6500 కెల్విన్ ఎల్‌ఈడీ, నీలం వైపు మొగ్గిన తెలుపు. ఒక రాత్రి స్విచ్ బోర్డు విప్పి చూస్తుంటే ఎరుపు వైరు, గోధుమ రంగు వైరు ఒకేలా కనిపించాయి. ఏది ఏదో తేల్చుకోలేక బోర్డు మూసేశాను. ఆ రాత్రే ఎల్‌ఈడీ మార్చాలని నిశ్చయించుకున్నాను.

ఎంచుకున్నది నిచియా కంపెనీ 519ఎ ఎల్‌ఈడీ, 4500 కెల్విన్ (కెల్విన్ అంకె తగ్గితే వెలుగు పసుపు వైపు జరుగుతుంది), రంగులు ఎంత సరిగ్గా కనపడతాయో చెప్పే సీఆర్‌ఐ 90 పైన, ఆర్9 విలువ 80 పైన. ఈ ఆర్9 గురించి కొంచెం చెప్పాలి. పెట్టె మీద రాసే సీఆర్‌ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్. దాని మీద పూసిన ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత పీల్చుకుని పసుపుగా, ఎరుపుగా మార్చి వదులుతుంది. ఎక్కువగా కొరవడేది ఎరుపే. చర్మం, చెక్క, మట్టి, వైర్లు, వీటన్నిటి అసలు రంగు కనపడాలంటే చూడాల్సింది ఆర్9 అని నా గట్టి నమ్మకం.

టార్చ్‌ల మీద నాలాగే ఇష్టమున్న ఒక అన్న ఉన్నారు. ఇలాంటివి చాలా విప్పి బిగించారు. ఫోన్ చేసి విషయం చెప్తే ఎల్‌ఈడీ సంగతి అడగనే లేదు, అది అతికి ఉండే పలక గురించే అడిగారు.

"కింద పలక ఏంటి?" అన్నారు.

"అల్యూమినియమే అన్నా."

"అయితే ముందు అది తీసెయ్ తమ్ముడూ. వేడి కిందకి దిగకపోతే పైన ఏ ఎల్‌ఈడీ పెట్టినా ఒకటే."

ఎలాగూ పలక మార్చక తప్పదు. పాత ఎల్‌ఈడీ 5 మి.మీ. చదరం, 519ఎ 3.5 మి.మీ., పాత ప్యాడ్‌ల (ఎల్‌ఈడీని అతికించే లోహపు మచ్చల) మీద కూర్చోదు. కానీ ఆయన చెప్పిన కారణం వేరు. మామూలు అల్యూమినియం పలకలో లోహానికీ పైన ఉండే రాగి గీతలకీ మధ్య పలుచని ఇన్సులేషన్ పొర ఉంటుంది. కరెంటును ఆపడానికి వేసిన ఆ పొర వేడికి కూడా అడ్డం పడుతుంది. ఆయన చెప్పిన రాగి పలకలో ఎల్‌ఈడీ అడుగున మధ్య ప్యాడ్ ఉండే చోట ఆ పొర ఉండదు, ఎల్‌ఈడీ నేరుగా రాగికే అతుక్కుంటుంది. డైరెక్ట్ థర్మల్ పాత్ అంటారు. నా టార్చ్‌లో 2.8 ఆంపియర్లు, ఇంచుమించు 3 వోల్టులు, అంటే ఎనిమిది వాట్ల పైమాటే. అందులో సగానికి పైగా వేడి. ఆ వేడంతా గోరంత చోట పుడుతుంది. అందుకే 16 మి.మీ. రాగి పలక తెప్పించాను.

విప్పడం అరగంట పని. ముందువైపు మూత బిగుసుకుపోయి ఉంటే రబ్బరు గ్లవ్స్ వేసుకుని తిప్పాను, వచ్చింది. వైర్లు తీసేముందు ఏది ప్లస్, ఏది మైనస్ అని ఫోటో తీసుకున్నాను. పాత పలక కింద వేడిని బాడీకి దాటించే థర్మల్ పేస్ట్ ఒక మూలన చుక్కలా ఉంది తప్ప అంతా పరుచుకోలేదు. అంటే అన్నాళ్లూ ఆ ఎల్‌ఈడీ వేడి సగం గాలి సందులోంచే దిగిందన్నమాట.

అసలు పని సోల్డరింగ్. సోల్డర్ పేస్ట్‌లలో 138 డిగ్రీలకే కరిగేది బిస్మత్ కలిసినది, 183 డిగ్రీలకు కరిగేది సీసం కలిసిన 63-37 రకం. మొదటిది సులువు అనిపిస్తుంది గానీ తర్వాత అదే పలక మీద సోల్డరింగ్ ఐరన్‌తో వైర్లు అతికించాలి. రాగి వేడిని ఇట్టే పాకిస్తుంది కాబట్టి వైరు అతికే లోపు ఎల్‌ఈడీ కింద సోల్డర్ మళ్లీ కరిగిపోవచ్చు. అందుకని 183 రకమే తీసుకున్నాను. సీసం ఉన్నది కాబట్టి కిటికీలు తెరిచి, పనయ్యాక చేతులు బాగా కడుక్కున్నాను. వైర్లు వచ్చే ప్యాడ్‌ల మీద ముందే సోల్డర్ పూసి ఉంచడం కూడా అన్న చెప్పిన జాగ్రత్తే.

చిన్న హాట్ ప్లేట్ మీద పలక పెట్టి, మూడు ప్యాడ్‌ల (ప్లస్, మైనస్, మధ్యది) మీద సోల్డర్ పేస్ట్ రాసి, ఎల్‌ఈడీని అంచులు పట్టుకుని కూర్చోబెట్టాను. పైనున్న మెత్తని గోపురాన్ని ట్వీజర్లతో తాకకూడదు, గీత పడినా దుమ్ము అంటినా బీమ్‌లో తెలుస్తుంది. కాసేపటికి బూడిద రంగు పేస్ట్ ఒక్కసారిగా వెండిలా మెరిసింది. ఎల్‌ఈడీ చిన్నగా కదిలి తనంతట తనే మధ్యకు సర్దుకుంది. కరిగిన సోల్డర్ లాగే లాగుడికి అలా జరుగుతుందని తెలుసు. తెలిసినా కళ్లారా చూసినప్పుడు ఒళ్లు పులకరించింది.

చల్లారాక మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి తాకిస్తే ఎల్‌ఈడీ మసకగా వెలిగింది. పనైపోయిందనుకున్నాను. థర్మల్ పేస్ట్ పలుచగా రాసి, వైర్లు అతికించి, రిఫ్లెక్టర్ పెట్టి, మూత బిగించి, సెల్ వేసి లో మోడ్ నొక్కాను. కళ్లు చెదిరే వెలుగు. మీడియం నొక్కితే అంతే వెలుగు. ఫుల్ నొక్కినా అంతే. వెంటనే ఆపేశాను. డ్రైవర్ కాలిపోయిందేమోనని టెన్షన్ పట్టుకుంది.

అన్న విని, "డ్రైవర్ బానే ఉంటుంది. మైనస్ ఎక్కడో బాడీకి తగులుతోంది, వెతుకు" అన్నారు.

7135 చిప్‌లు ఎల్‌ఈడీకి మైనస్ వైపు ఉంటాయి. సెల్ ప్లస్ నుంచి కరెంటు నేరుగా ఎల్‌ఈడీకి వస్తుంది, ఎల్‌ఈడీ మైనస్ నుంచి ఆ చిప్‌ల గుండా బాడీకి, బాడీ ద్వారా సెల్ మైనస్‌కి చేరుతుంది. ఎల్‌ఈడీ మైనస్ ముందే బాడీని తాకితే కరెంటు చిప్‌ల జోలికి పోకుండా దగ్గరి దారి పట్టుకుంటుంది. అప్పుడు మోడ్‌లుండవు, హద్దు ఉండదు, సెల్ ఎంత ఇస్తే అంత.

మొదట అనుమానం రిఫ్లెక్టర్ మీదే. అది లోహం, వైరు అతికిన చోట సోల్డర్ కొంచెం ఉబ్బి ఉంది. ఉబ్బు తగ్గించి, వేడిని తట్టుకునే కాప్టన్ టేపు వేసి మళ్లీ బిగించాను. అదే వెలుగు. రిఫ్లెక్టర్ పూర్తిగా తీసేసి ఒక్క క్షణం ఆన్ చేశాను. అప్పుడూ అంతే. అంటే తప్పు రిఫ్లెక్టర్‌ది కాదు.

మర్నాడు పొద్దున కుదురుగా కూర్చుని వైర్లు ఊడదీసి, పలక బయటకు తీసి, మీటర్ ఒక కొన మైనస్ ప్యాడ్ మీద, రెండో కొన రాగి పలక అంచు మీద పెట్టాను. మీటర్ కూసింది, అంటే ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి. పేస్ట్ ఎక్కువై ఎల్‌ఈడీ కింద మధ్య ప్యాడ్‌కీ మైనస్ ప్యాడ్‌కీ వంతెన కట్టింది. పాత అల్యూమినియం పలకలో ఇదే జరిగినా ఆ ఇన్సులేషన్ పొర కాపాడేది. ఇక్కడ మధ్య ప్యాడ్ అంటే రాగి, రాగి అంటే బాడీ. వేడికి తీసిన దారిలోనే కరెంటూ వెళ్లింది. డయోడ్ పరీక్షలో బయటపడకపోవడానికి కారణం, అది ప్లస్, మైనస్ ప్యాడ్‌ల మధ్యే చూస్తుంది, మైనస్ రాగికి తగిలి ఉన్నా ఎల్‌ఈడీ వెలుగుతుంది.

ఆ వంతెన ప్లస్ వైపు కట్టి ఉంటే? రక్షణ సర్క్యూట్ లేని సెల్ నేరుగా షార్ట్ అయ్యేది. 18650ని గొట్టంలో మూసి షార్ట్ చేయడం ఎంత ప్రమాదమో తల్చుకుంటే ఇప్పటికీ భయమే. ఇలాంటి పని చేసేవాళ్లందరికీ చెప్తున్నాను: సెల్ వేసేముందు రెండు ప్యాడ్‌లనూ ఒక్కొక్కటిగా రాగి అంచుతో మీటర్ పెట్టి చూడండి. రెండింట్లో ఏది కూసినా సెల్ ముట్టుకోవద్దు.

మళ్లీ వేడి చేసి ఎల్‌ఈడీ ఎత్తాను. సోల్డర్ పీల్చే రాగి జాలీతో ప్యాడ్‌లు శుభ్రం చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఈసారి సూది మొనతో పేస్ట్ రాశాను. కరిగాక ఎల్‌ఈడీ అంచు మీద ట్వీజర్లతో చిన్నగా నొక్కితే ఎక్కువైన సోల్డర్ పూసల్లా పక్కకి వచ్చింది, తుడిచేశాను. మీటర్ కూయలేదు. బిగించి లో మోడ్ నొక్కితే లో వెలుగే వచ్చింది.

విప్పాను కదా అని వెనక స్ప్రింగ్‌కి సమాంతరంగా సిలికాన్ వైరు కూడా అతికించాను. స్ప్రింగ్ నిరోధం 0.05 ఓమ్ అనుకుంటే 2.8 ఆంపియర్ల దగ్గర 0.14 వోల్టు అక్కడే పోతుంది. అలాగని దీంతో వెలుగు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, ఇలాంటి డ్రైవర్‌లో సెల్ నిండుగా ఉన్నప్పుడు తేడా ఏమీ ఉండదు. సెల్ వోల్టేజీ దిగుతున్నప్పుడు ఫుల్ మోడ్ ఇంకొంతసేపు నిలబడుతుంది, అంతే. గోపురం కోసి బీమ్ దూరం పెంచుకోమని కూడా అన్న సలహా ఇచ్చారు. రంగు మారిపోతుందని నేను ఒప్పుకోలేదు. రంగు కోసమే కదా ఇదంతా.

వెలుగు కొలిచే లక్స్ మీటర్‌తో ముందూ తర్వాతా కొలిచాను. 5 మీటర్ల దూరంలో పాతది 256 లక్స్, కొత్తది 196. దూరం వర్గంతో గుణిస్తే బీమ్ తీవ్రత వస్తుంది: 6400, 4900 క్యాండెలా. టార్చ్‌ల కొలతలకు వాడే ఎఫ్‌ఎల్1 ప్రమాణం వెలుగు 0.25 లక్స్‌కి పడిపోయే చోటును బీమ్ దూరం అంటుంది. ఆ లెక్కన 160 మీటర్ల టార్చ్ 140కి తగ్గింది. వేడి సంగతి చూద్దామని టార్చ్‌ని పైకప్పు వైపు పెట్టి, ఆన్ చేసిన క్షణాన్ని 100గా తీసుకుని మీటర్ చూస్తూ కూర్చున్నాను. 30 సెకన్లలో పాతది 88కి పడిపోయేది, కొత్తది 95 దగ్గర నిలిచింది. ఎల్‌ఈడీ కూడా మారింది కాబట్టి ఈ తేడా మొత్తం రాగి పలకదే అనను. అరనిమిషం తర్వాత రెండూ దాదాపు ఒకేలా తగ్గాయి. బయటి గొట్టం అదే, అది వేడెక్కే తీరూ అదే.

స్విచ్ బోర్డు మళ్లీ విప్పాను. ఎరుపు వైరు ఎర్రగా, గోధుమ రంగుది గోధుమ రంగులో కనిపించాయి. ఆ రాత్రి ఆగిపోయిన పని పది నిమిషాల్లో అయింది.

ఒక్క లోపం మిగిలింది. తెల్ల గోడ మీద వేస్తే వెలుగు గుండ్రం చుట్టూ సన్నని పసుపు వలయం కనిపిస్తుంది. 3.5 మి.మీ. ఎల్‌ఈడీకి సరిపోయే కొత్త గాస్కెట్ (ఎల్‌ఈడీ చుట్టూ కూర్చునే బిళ్ల) వేసి సరిగ్గా మధ్యకు తెచ్చినా అది పోలేదు. రిఫ్లెక్టర్ అద్దంలా నున్నగా ఉండటం వల్లేనని అన్న అన్నారు. నారింజ తొక్కలా సన్నని గరుకు ఉండే రిఫ్లెక్టర్ ఒకటి తెప్పిస్తున్నాను. అది వస్తే ముందువైపు మూత ఒక్కటి విప్పితే చాలు, ఈసారి ఐరన్ వేడి చేయక్కర్లేదు.