చీనీ ఎర్ర మైదానం నుంచి రెంటన్ క్యాంపు దాకా: కూపర్ కప్‌ని తూకం వేసే దారి

స్పోకేన్ ఎయిర్‌పోర్టులో కారు తీసుకుని నైరుతిగా ఇరవై నిమిషాలు పోతే చీనీ వస్తుంది. చుట్టూ కోతకొచ్చిన గోధుమ చేలు, మధ్యలో ఈస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీ. ఆ ఊళ్లో ఆగి చూడాల్సింది రూస్ ఫీల్డ్. 2010లో ఇక్కడ ఎర్రటి కృత్రిమ టర్ఫ్ పరిచారు. మధ్యాహ్నం ఎండలో ఆ ఎరుపు మీద తెల్ల గీతలు తప్ప ఇంకేమీ కంటికి ఆనవు.

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సియాటిల్ సీహాక్స్ 2025 ట్రైనింగ్ క్యాంపు చూడ్డానికి నేరుగా సియాటిల్ పక్కనున్న రెంటన్ వెళ్తే చాలు. అయినా రాష్ట్రానికి ఈ చివర మొదలుపెట్టాను. 2025 మార్చిలో సీహాక్స్ తీసుకున్న వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని పరిగెత్తి పట్టేవాడు) కూపర్ కప్ తయారైంది ఈ ఎర్ర మైదానం మీదే. స్కౌట్లు అతన్ని తక్కువ అంచనా వేయడం కూడా ఇక్కడి నుంచే మొదలైంది.

చీనీలో నాలుగు సీజన్లలో అతను పట్టినవి 428 క్యాచ్‌లు, 6,464 యార్డులు, 73 టచ్‌డౌన్లు. చిన్న డివిజన్‌లో ఎన్ని పడితే ఏం లాభం అన్న అనుమానం సహజమే. దాన్ని తీర్చుకునే పద్ధతి ఒకటుంది: మొత్తం లెక్క పక్కన పెట్టి, పెద్ద యూనివర్సిటీల మీద ఆడిన మ్యాచులు మాత్రమే విడిగా తీయాలి. 2013లో ఆరెగన్ స్టేట్ మీద 5 క్యాచ్‌లకి 119 యార్డులు, 2 టచ్‌డౌన్లు. చీనీ కుర్రాళ్లు 49-46తో గెలిచారు. 2014లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ మీద 8 క్యాచ్‌లు, 145 యార్డులు, 3 టచ్‌డౌన్లు. ఎదురుగా రిసీవర్‌ని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ స్థాయి పెరిగినా అంకెలు పడలేదు.

అయినా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకునే 2017 డ్రాఫ్టులో అతని పేరు మూడో రౌండులో, 69వ స్థానంలో గానీ వినబడలేదు. 40 యార్డుల పరుగు 4.62 సెకన్లు రావడం అందుకు పెద్ద కారణం. రిసీవర్‌కి అది నెమ్మదే. కానీ అదే రోజుల్లో తీసిన త్రీ-కోన్ డ్రిల్ 6.75, షార్ట్ షటిల్ 4.08 సెకన్లు, రెండూ చాలా మంచి టైములు. మొదటిది తిన్నగా పోయే వేగాన్ని కొలిస్తే, తర్వాతి రెండూ ఆగి దిక్కు మార్చే వేగాన్ని కొలుస్తాయి. కూపర్ ఆటంతా ఆ రెండో రకం మీదే నడుస్తుంది. క్యాంపులో అతన్ని చూసేటప్పుడు కూడా ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ‘పాతికేళ్ల కుర్రాళ్ల పక్కన నెమ్మదిగా కనబడుతున్నాడు’ అన్న మాటకి పెద్ద విలువ లేదు. అతను ఎప్పుడూ అలాగే కనబడ్డాడు.

చీనీ నుంచి యాకిమా మూడు గంటలు. దారి పొడుగునా ఎండు నేల, కొలంబియా నది దాటాక మళ్లీ కొండలు, ఆ తర్వాత హాప్స్ పందిళ్లు, ఆపిల్ తోటలు. కూపర్ సొంతూరు ఇదే. తాత జేక్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టు ముందు వరసలో గార్డు, తండ్రి క్రెయిగ్ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. ఇంత వంశం ఉన్నా డేవిస్ హైస్కూల్ నుంచి బయటికొచ్చేటప్పుడు పెద్ద కాన్ఫరెన్సుల యూనివర్సిటీలేవీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. ఊళ్లో ఆటకి సంబంధించి చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు గానీ, ఎలెన్స్‌బర్గ్ మీదుగా ఐ-90 ఎక్కి, 3,022 అడుగుల ఎత్తున్న స్నోక్వాల్మీ కనుమ దాటేలోపు కాంట్రాక్టు లెక్క ఒకసారి నెమరేసుకోవడానికి బోలెడు సమయం దొరుకుతుంది.

పాత జట్టు లాస్ ఏంజిలిస్ రామ్స్ అతన్ని 2025 మార్చి 12న వదిలేశారు. 14న సీహాక్స్ మూడేళ్లకి 4.5 కోట్ల డాలర్ల దాకా ఒప్పందం చేసుకున్నారు. సగటున ఏడాదికి కోటిన్నర. 2025 జీతాల పరిమితి 27.92 కోట్లు కాబట్టి అందులో ఐదు శాతం పైచిలుకు. అదే నెలలో సిన్సినాటీ తన రిసీవర్ జమార్ చేజ్‌కి ఏడాదికి 4 కోట్ల పైన ఇచ్చింది. అంటే సీహాక్స్ కట్టింది మొదటి రిసీవర్ ధర కాదు, మంచి రెండో రిసీవర్ ధర. ఇంకో లాభం చాలామంది గమనించరు. కాంట్రాక్టు ముగిసి బయటికొచ్చిన ఆటగాణ్ని తీసుకుంటే, కాంపెన్సేటరీ డ్రాఫ్ట్ పిక్‌ల (ఆటగాళ్లని పోగొట్టుకున్న జట్లకి లీగ్ అదనంగా ఇచ్చే ఎంపికలు) లెక్కలో అది కొత్త జట్టుకి ఎదురు పడొచ్చు. పాత జట్టు తీసేసిన ఆటగాడు ఆ లెక్కలోకే రాడు. కూపర్ రెండో రకం.

ఇక అంకెలు. 2021లో 17 మ్యాచుల్లో 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు, 16 టచ్‌డౌన్లు. మూడింట్లోనూ లీగ్‌లో మొదటి స్థానం, ఆపైన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు). మ్యాచుకి సగటున 114.5 యార్డులు. ఆ సగటు 2022లో 90.2కి, 2023లో 61.4కి, 2024లో 59.2కి దిగింది. ఈ మూడేళ్లలో జట్టు ఆడిన 51 లీగ్ మ్యాచుల్లో అతను ఆడినవి 33. 2022 నవంబర్‌లో చీలమండ పైభాగం బెణికి సర్జరీ, 2023లో తొడ వెనక కండరం, 2024లో మళ్లీ చీలమండ. 2025 జూన్‌తో 32 నిండాయి. 2021 మళ్లీ వస్తుందా అని అడగడమే దండగ. రావడానికి ఆ వయసూ లేదు, అలా బంతులన్నీ అతనికే వేసే అవసరమూ ఈ జట్టుకి లేదు.

రెంటన్‌లో సీహాక్స్ ప్రాక్టీసు కేంద్రం లేక్ వాషింగ్టన్ ఒడ్డున ఉంది; 2008లో తెరిచారు. బెల్‌వ్యూ, రెడ్మండ్, సమామిష్‌లలో ఉండే తెలుగువాళ్లకి ఐ-405 మీద అరగంట, సాయంత్రం రద్దీలో గంట. క్యాంపుకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, తేదీలు తెరిచిన రోజే చూసుకోవడం మంచిది. లోపల జనానికి పార్కింగ్ ఉండదు. ది ల్యాండింగ్ షాపింగ్ సెంటర్ వైపు నుంచి షటిల్ బస్సులు. తిండి అక్కడే కానిచ్చుకుని ఎక్కండి. స్టేడియానికి వాడే 12 x 6 x 12 అంగుళాల పారదర్శక సంచీ అయితే గేటు దగ్గర పేచీ ఉండదు. కూర్చోవడం గడ్డి వాలు మీద, కాబట్టి దుప్పటి, టోపీ. 8x42 బైనాక్యులర్స్ తప్పనిసరి. అంతకంటే ఎక్కువ మ్యాగ్నిఫికేషన్ అయితే చెయ్యి వణికి రూటు (రిసీవర్ పరిగెత్తే దారి) మధ్యలో మనిషి తప్పిపోతాడు.

వాలు మీద కింది వరస కోసం అందరూ తోసుకుంటారు. ఆటోగ్రాఫులకి అది సరే. రిసీవర్‌ని చూడాలంటే పై వరసే మేలు. అక్కడి నుంచి రూటు ఆకారం, అందరికంటే వెనక కాచే సేఫ్టీ నిలబడిన లోతు రెండూ ఒకే చూపులో దొరుకుతాయి. కింద నుంచి చూస్తే లైన్‌మెన్ వీపులే.

తొలి రోజుల టికెట్ దొరికిందని సంబరపడక్కర్లేదు. ఆ రోజుల్లో షోల్డర్ పాడ్లు వేయరు, ఒంటి మీద చెయ్యి పడదు, కాబట్టి రిసీవర్లంతా గొప్పగా కనబడతారు. పాడ్లు వేసిన రోజు దొరికితే ఆ రోజే పోవాలి. ముందు రూట్స్ ఆన్ ఎయిర్ (ఎదుట ఎవరూ లేకుండా పరిగెత్తడం), తర్వాత ఒకరి మీద ఒకరు, ఆపైన ఏడుగురి మీద ఏడుగురు, చివరికి పదకొండుగురి ఆట. ఏడుగురి ఆటలో క్వార్టర్‌బ్యాక్ మీద పడే పాస్ రష్ ఉండదు. క్వార్టర్‌బ్యాక్ నాలుగు సెకన్లు బంతి పట్టుకు నిలబడినా అడిగేవాడు లేడు. అందులో దొరికిన క్యాచ్‌లు చూసి సీజన్ చెప్పడం నెట్స్‌లో కొట్టిన సిక్సర్లు చూసి టెస్టు సెంచరీ చెప్పడం లాంటిది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి స్నాప్ (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణం) నుంచి లెక్కపెట్టండి. 2.7 సెకన్లు దాటాక ఖాళీ అయిన రిసీవర్‌ని ఖాళీ కింద రాసుకోకూడదు.

నోటుబుక్కులో నేను గీసే గళ్లు ఆరు: ఎక్కడ నిలబడ్డాడు, స్నాప్‌కి ముందు కదిలాడా, ఏ రూటు, ఎదుటివాడు ఎంత దూరంలో, మలుపుకి ఎన్ని అడుగులు, బంతి ఎవరికి పోయింది. చివరి గడి చిన్నగా ఉంచుతాను. బంతిని వెంటాడే కన్నుతో రిసీవర్‌ని చూడలేం. స్నాప్ నుంచి విజిల్ దాకా 10వ నంబర్ జెర్సీ మీదే చూపు ఉండాలి. అలా చూస్తే పావు వంతు ఆటల్లో బంతి ఎటు పోయిందో కూడా తెలియదు. ఫర్వాలేదు.

మొదటి గడే అన్నిటికంటే ముఖ్యం. సీహాక్స్ తమ రిసీవర్లలో డీకే మెట్‌కాఫ్‌ని పిట్స్‌బర్గ్‌కి ఇచ్చేశారు, పదేళ్లు ఆడిన టైలర్ లాకెట్‌ని వదిలేశారు. మిగిలింది జాక్సన్ స్మిత్-ఎన్జిగ్బా. 2024లో అతను 100 క్యాచ్‌లు, 1,130 యార్డులు తెచ్చింది ఎక్కువగా స్లాట్ (ముందు వరసకీ బయటి రిసీవర్‌కీ మధ్య చోటు) నుంచి. కూపర్ ఇల్లు కూడా స్లాటే. ఇద్దరికీ ఒకటే చోటు కావాలంటే ఒకరు బయటికి జరగాలి. సన్నగా ఉన్నా స్మిత్-ఎన్జిగ్బాకే బయట తట్టుకునే అడుగులున్నాయి, 32 ఏళ్ల కూపర్‌కి సైడ్‌లైన్ పక్కన ఒంటరిగా ప్రెస్ కవరేజీ (ఎదుటివాడు మొదట్లోనే మీదికొచ్చి అడ్డుకోవడం) ఇస్తే డబ్బు వృథా. కాబట్టి చూడాల్సింది దూరం: మైదానం మీద రాసిన యార్డు అంకెల కింది అంచు సైడ్‌లైన్‌కి 12 యార్డుల దూరంలో ఉంటుంది. ఆ అంకెలకి లోపల, ముందు వరస చివర ఉండే టాకిల్‌కి నాలుగైదు యార్డుల్లో కూపర్ నిలబడుతుంటే అతన్ని సరిగ్గా వాడుతున్నట్టు. రామ్స్‌లో అతను బతికింది ఆ ఇరుకు వరసల్లోనే. 2025లో కొత్తగా వచ్చిన అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి ఆటల కోచ్) క్లింట్ కూబియాక్ పద్ధతీ అదే కుటుంబానికి చెందింది: వైడ్ జోన్ రన్ (పక్కకి సాగే పరుగు ఆట), దాని మీద ప్లే-యాక్షన్ (పరుగులా నటించి బంతి విసరడం).

ఇక కాళ్లు. ఆరు యార్డుల ఆప్షన్ రూటు తీసుకుందాం. రిసీవర్ తిన్నగా లైన్‌బ్యాకర్ (ఎదుటి జట్టు ముందు వరస వెనక నిలబడేవాడు) మీదికి పోతాడు. వాడు లోపలి భుజం వైపు ఉంటే బయటికి, బయట ఉంటే లోపలికి, జోన్ (మనిషిని కాక చోటుని కాయడం) అయితే ఇద్దరి మధ్య ఖాళీలో ఆగడం. ఈ నిర్ణయం నాలుగో అడుగుకల్లా జరిగిపోవాలి. క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్ అదే క్షణంలో అదే చదవాలి. కొత్త జంటలో ముందు పాడయ్యేది ఇదే. బంతి ఒకవైపు, మనిషి ఒకవైపు పోతే పక్కన కూర్చున్నవాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ని తిడతారు. తప్పు ఎవరిదో కోచ్ ఎవరి దగ్గరికి నడిచాడో చూస్తే తెలుస్తుంది.

మలుపు దగ్గర బైనాక్యులర్స్‌ని మోకాళ్ల కిందికి దించండి. నడుము దిగాలి, ఛాతీ పాదాల ముందుకి వాలకూడదు. 12 యార్డుల డిగ్ రూటులో (తిన్నగా పోయి మైదానం మధ్యకి తిరిగే దారి) పూర్తి వేగం నుంచి రెండు, మూడు అడుగుల్లో తిరిగితే గట్టి పాదం. నాలుగు, ఐదు చిన్న చిన్న అడుగులు పడుతుంటే కార్నర్‌బ్యాక్‌కి ముందే కబురు అందినట్టే. చీలమండ పైభాగం దెబ్బతిన్నవాళ్లలో బయటి పాదం గట్టిగా నాటడానికి జంకు మిగులుతుంది, కాబట్టి ఎడమకీ కుడికీ అడుగులు వేరువేరుగా లెక్కపెట్టాలి. రెండు వైపులా ఒకే లెక్క వస్తే నిశ్చింత. ఒకవైపే గుండ్రంగా తిరుగుతుంటే ఆ రూటు కాగితం మీద ఉన్నా ఆటలో లేనట్టే. ప్రాక్టీసు చివరి అరగంటలో ఇంకోసారి లెక్కపెట్టాలి. అలిసిన చీలమండే నిజం చెబుతుంది.

చేతుల గురించి పెద్దగా రాయక్కర్లేదు. ఛాతీ పైకొచ్చే బంతికి బొటనవేళ్లు కలిశాయా, నడుము కిందికొచ్చేదానికి చిటికెనవేళ్లు కలిశాయా చూస్తే చాలు. ఇన్నేళ్ల తర్వాత కూపర్‌కి ఆ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు.

జనం ఫోన్లు చూసుకునే రన్ ఆటల దగ్గరే అతని కోటిన్నరలో సగం ఉంది. 6 అడుగుల 2 అంగుళాలు, 208 పౌండ్లు. ఇరుకు వరస నుంచి మోషన్‌లో (స్నాప్‌కి ముందు కదులుతూ) లోపలికొచ్చి సేఫ్టీనో లైన్‌బ్యాకర్‌నో అడ్డుకోగల రిసీవర్ ఉంటే, కోచ్ టైట్ ఎండ్ (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసే బరువైన ఆటగాడు) పని చేసేవాణ్ని రిసీవర్ జెర్సీలో పెట్టుకున్నట్టే. ఎదుటి జట్టు రన్‌కి బరువైన మనుషుల్ని దించాలో, పాస్‌కి తేలికైనవాళ్లని దించాలో తేల్చుకోలేదు. చూడాల్సినవి: చేతులు ఎదుటివాడి భుజాల లోపల పడ్డాయా, పాదాలు కదులుతూనే ఉన్నాయా, పరుగు తీసేవాడు దాటిపోయేదాకా వదలకుండా ఉన్నాడా. చేతులు భుజాల బయటికి జారి ఎదుటివాణ్ని పట్టి ఆపితే హోల్డింగ్, 10 యార్డుల పెనాల్టీ. మంచి రన్ మొత్తం గాలికి పోతుంది.

ఒక్క ప్రాక్టీసులో అతను కొన్ని ఆటలు ఆడి పక్కకి వచ్చి నిలబడితే కంగారు వద్దు, 32 ఏళ్లవాళ్లకి క్యాంపులో ఆటలు కోసి పెడతారు. కంగారు పడాల్సింది వరసగా రోజులు మానేస్తేనో, పక్కన విడిగా ట్రైనర్‌తో తిన్నగా పరుగులు తీస్తూ మలుపు డ్రిల్స్ వదిలేస్తుంటేనో.

2025 సీజన్‌కి నా లెక్క ఇది. 14 మ్యాచులు ఆడి, 50 నుంచి 60 క్యాచ్‌లు పట్టి, అందులో సగం మూడో డౌన్‌లో చైన్లు కదిలించేవైతే (మూడో ప్రయత్నంలో పది యార్డులు పూర్తి చేసి బంతి నిలుపుకునేవి), పక్కనున్న స్మిత్-ఎన్జిగ్బా మీది డబుల్ కవరేజీని (ఇద్దరు కలిసి కాయడాన్ని) తగ్గిస్తే, ఈ బేరం గిట్టినట్టే. టచ్‌డౌన్లు రెండో మూడో వచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఆటగాళ్ల అంకెలతో పాయింట్లు లెక్కేసే ఫాంటసీ లీగుల్లో అతన్ని తీసుకునే మిత్రులు మాత్రం ఇంకో పేరు చూసుకోండి. లైన్‌బ్యాకర్‌ని అడ్డుకున్నందుకు అక్కడ పాయింట్లు ఇవ్వరు.