చెల్లి గౌను, అత్త చెయ్యి

మా చెల్లి పెళ్లికి తెల్లచీర వద్దంది, గౌనే కావాలంది. అమ్మ మొహం మాడ్చుకుంది. అద్దెకు తెచ్చుకుంటే పోలేదా అన్నారు నాన్న. గంటస్తంభం దగ్గర బట్టల కొట్లన్నీ తిరిగొచ్చిన మా మేనత్త మాత్రం, "సిల్కు కొనండి, మేమిద్దరం కుట్టేస్తాం" అనేసింది. అత్తది జాకెట్లు కుట్టీ కుట్టీ అరిగిన చెయ్యి. నాది మగ్గం వర్కు. గౌను ఇద్దరికీ కొత్తే.

పెళ్లికి తెల్లగౌను మోజు పెరిగింది 1840లో విక్టోరియా రాణి తెల్ల సిల్కు, చేత్తో అల్లిన లేసు వేసుకుని పెళ్లాడాకే. ఆవిడది ఇంగ్లండులో డెవన్ ఆడవాళ్లు అల్లిన లేసు. మా చెల్లికి మన నరసాపురం ఆడవాళ్లు అల్లింది. కొక్కెం సూదితో అల్లే ఈ క్రోషియా లేసును మధ్యలో కత్తిరిస్తే అల్లిక ఊడిపోతుంది కాబట్టి, పువ్వుల బిళ్లలు విడివిడిగా తెప్పించాం. అది నూలు, తడిస్తే కుంచించుకుపోతుంది. అందుకే ముందే నీళ్లలో నానబెట్టి, నీడలో పరిచి ఆరబెట్టాం.

సిల్కు మీద కత్తెర పెట్టే ముందు ముతక నూలు గాడా గుడ్డతో ఒక గౌను కుట్టి, చెల్లికి తొడిగి చూశాం. సిల్కుకి గుండుసూది గుచ్చితే ఆ కన్నం అలాగే ఉండిపోతుంది. కాబట్టి లోపలికి మడిచే అంచులోనే గుచ్చాలి. మిషన్‌కి సన్నటి 9వ నంబరు సూది వేసి, బట్ట జారకుండా కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేశాం.

అసలు గొడవ చేతికుట్టు దగ్గరొచ్చింది. కుడివైపు బిళ్లలు నేను, ఎడమవైపువి అత్త అని పంచుకున్నాం. మగ్గం మీద బిగించిన బట్టకి అలవాటు పడ్డ చెయ్యి నాది, దారం గట్టిగా లాగుతుంది. కుడివైపు సిల్కు సన్నగా ముడతలు పడింది, ఎడమవైపు నున్నగా ఉంది. "సిల్కు మీద ఏటే గుంటా నీ బలం!" అంది అత్త. ఇద్దరు కలిసి కుట్టడమంటే చెరిసగం చేసుకోవడం కాదు, ఎవరి చేతికి ఏది నప్పుతుందో చూసుకోవడం. లేసు మొత్తం అత్తకి వదిలేశాను. పక్క కుట్టు మీద పువ్వులు అటూ ఇటూ పరుచుకునేలా పెట్టి, అసలు అతుకే కనిపించకుండా చేసింది. నేను లైనింగు, మెడ, వీపున బొత్తాలు చూసుకున్నాను.

అత్త వేలికి సూది గుచ్చుకుని రక్తపు చుక్క అంటిందొకసారి. నాకు టెన్షన్. ఆవిడ కంగారు పడకుండా చిన్న దారపు ఉండని నోట్లో తడిపి అద్దింది, మరక పోయింది. ఎవరి రక్తానికి వాళ్ల ఉమ్మే మందట. నీళ్లు పోస్తే సిల్కు మీద ఆ నీళ్ల చార కూడా మిగులుతుంది.

క్రాస్ కట్, అంటే బట్టని ఏటవాలుగా కత్తిరించి కుట్టిన కుచ్చిళ్లు, సొంత బరువుకే సాగుతాయి. రాత్రంతా వేలాడదీసి, పెళ్లి చెప్పులు వేసుకుని చెల్లి నిలబడ్డాకే కింద అంచు మడిచాం.

పెళ్లిరోజు చర్చి పక్కగదిలో వీపు బొత్తాల లూపులు ఎవరి వేళ్లకీ చిక్కలేదు. అత్త సంచిలోంచి క్రోషియా సూది తీసి, కొక్కెంతో లూపుల్ని ఒక్కొక్కటే లాగి తగిలించింది. "ఊపిరి వదలవే, చాలు" అంది చెల్లితో.